రెండు స్క్రూల మధ్య జరిగేదేమిటి?

కారు బంపర్లకు వాడే నల్లటి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ దానా, అంటే గింజలు, ఒక యంత్రంలోంచి వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు వేసుకునే లోపినావిర్–రిటోనావిర్ మాత్రలోని మందు కూడా అదే జాతి యంత్రంలోంచి వస్తుంది. రెండు స్క్రూలతో సరుకును పిసికి, కరిగించి, బయటికి తోసే ఆ యంత్రాన్ని ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ అంటారు. హైదరాబాద్ చుట్టూ చర్లపల్లి, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో ప్లాస్టిక్ యూనిట్లూ మందుల కంపెనీలూ పక్కపక్కనే ఉంటాయి. అయినా ప్లాస్టిక్ వాళ్ల దగ్గర దశాబ్దాలుగా పోగైన అనుభవం గోడ దాటి మందుల వైపు రావడం తక్కువే. ఫార్మసీ చదివినవాళ్లలో చాలామందికి ఈ యంత్రం పుస్తకంలో ఒక బొమ్మ. పాలిమర్ చదివినవాళ్లకేమో మందు స్ఫటికం ఎందుకంత టెన్షన్ పెడుతుందో ఎవరూ చెప్పరు. ఇద్దరికీ పనికొచ్చేలా ఈ యంత్రం లోపలికి ఒకసారి తొంగి చూద్దాం.

ముందుగా ఒక అపోహ. స్క్రూలు తిరిగే ఉక్కు గొట్టాన్ని బారెల్ అంటారు. దాని చుట్టూ హీటర్లు ఉంటాయి, ప్యానెల్ మీద వరసగా పది పన్నెండు టెంపరేచర్లు వెలుగుతుంటాయి. దాంతో ఇది ప్లాస్టిక్‌ను కాచి కరిగించే యంత్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి కరగడానికి కావలసిన శక్తిలో పెద్ద వాటా మోటారు నుంచి, స్క్రూ రాపిడి ద్వారా వస్తుంది. ఏ చోట, ఎంతసేపు, ఎంత శక్తిని పదార్థంలోకి పంపాలో మన చేత నిర్ణయింపజేసే యంత్రం ఇది. మిగతా కథంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక స్క్రూ ఎందుకు చాలదు

ఒకే స్క్రూ ఉన్న ఎక్స్‌ట్రూడర్ పని బోల్టు మీద నట్టు కదిలినట్టే ఉంటుంది. బోల్టు తిప్పుతున్నప్పుడు నట్టును ఎవరైనా పట్టుకుంటేనే అది ముందుకు జరుగుతుంది. పట్టుకోకపోతే బోల్టుతో పాటే గిరగిరా తిరుగుతుంది. ఇక్కడ పట్టుకునే పని బారెల్ గోడది. పదార్థం గోడకు అంటుకుని, స్క్రూ మీద జారాలి. దానా శుభ్రంగా, ఒకే సైజులో ఉంటే ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. ప్లాస్టిక్ ఫిల్మ్, హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథీన్‌తో చేసే పైపు లాంటివి ఇప్పటికీ సింగిల్ స్క్రూ మీదే చేస్తారు, ఖర్చు తక్కువ కూడా. చిక్కు ఎక్కడొస్తుందంటే, పొడులు కలపాల్సి వచ్చినప్పుడు. టాల్క్, రంగు, మందు పొడి లాంటివి స్క్రూకు అంటుకుంటాయి. మూలల్లో కొంత నిలిచిపోయి మాడుతుంది. కలయిక అంతంతమాత్రం.

రెండు స్క్రూలను పక్కపక్కన పెట్టి, ఒకదాని దారంలోకి మరొకటి చొచ్చుకుపోయేలా అమర్చి, రెండింటినీ ఒకే దిశలో తిప్పితే పరిస్థితి మారిపోతుంది. అవి కలిసే చోట ఒక స్క్రూ ఉపరితలం పైకి వెళ్తుంటే రెండోదాని ఉపరితలం కిందికి వెళ్తుంటుంది. ఒకదాని అంచు మరొకదాని పక్కలను గీకుతూ పోతుంది. మధ్యలో సందు మిల్లీమీటరులో కొద్ది భాగమే. అంటుకుని కూర్చునే అవకాశం పదార్థానికి ఉండదు. ఒక స్క్రూ మీద నుంచి రెండోదాని మీదికి మారుతూ, ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు తిరుగుతూ ముందుకు సాగుతుంది.

ఇటలీలో రాబర్టో కొలంబో 1930ల చివర్లో ఒకే దిశలో తిరిగే జంట స్క్రూ యంత్రం రూపొందించారు. దానికి ఇప్పుడు మనం చూసే రూపం ఇచ్చినది జర్మనీలో రుడాల్ఫ్ ఎర్డ్‌మెంగర్, ఆయన బృందం. ఒకదాన్నొకటి గీక్కునే ఆ కచ్చితమైన ఆకారం వాళ్ల లెక్కల ఫలితమే. ఎర్డ్‌మెంగర్ పనిచేసిన బేయర్ కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని వెర్నర్ అండ్ ఫ్లైడరర్ కంపెనీ 1950లలో జెడ్‌ఎస్‌కే పేరుతో యంత్రాలు అమ్మడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ వారసురాలే నేటి కోపెరియన్. మన పొరుగున బెంగళూరులో స్టీర్ కంపెనీ కూడా ఈ జాతి యంత్రాలే తయారు చేస్తుంది.

రెండు స్క్రూలు ఎదురెదురు దిశల్లో తిరిగే రకం కూడా ఉంది. అందులో పదార్థం చిన్న చిన్న గదుల్లో చిక్కుకుని, నెమ్మదిగా, దాదాపు పంపులోలా ముందుకు నెట్టబడుతుంది. ఊళ్లలో బోరుబావులకు దింపే పీవీసీ పైపులు ఎక్కువగా ఈ రకం మీదే తయారవుతాయి. పీవీసీ వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతూ పాడైపోతుంది కాబట్టి దాన్ని నెమ్మదిగా, అన్ని కణాలకూ ఒకే వేడి తగిలేలా నడపాలి. ఇక్కడి నుంచి మాట్లాడబోయేది మాత్రం ఒకే దిశలో తిరిగే రకం గురించే.

ఫీడర్ వేసిందే లెక్క

సింగిల్ స్క్రూలో హాపర్ అనే పై గరాటు నిండా దానా పోసి వదిలేస్తాం. స్క్రూ ఎంత లాక్కుంటే అంత సరుకు బయటికి వస్తుంది. వేగం పెంచితే ఉత్పత్తి పెరుగుతుంది, రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ట్విన్ స్క్రూలో అలా కాదు. గంటకు ఇన్ని కిలోలు అని ఫీడర్ తూకం వేసి మరీ వదులుతుంది. స్క్రూకు అంతకన్నా ఎక్కువ మోసే సత్తువ ఉంటుంది, అందుకే చాలా చోట్ల స్క్రూ గాడులు సగం ఖాళీగానే ఉంటాయి. ఉత్పత్తి ఎంతో ఫీడర్ చెబుతుంది, దాన్ని ఎంత గట్టిగా పిసకాలో స్క్రూ వేగం చెబుతుంది. రెండు మీటలు వేరువేరుగా మన చేతికి వచ్చాయన్నమాట.

ఈ ఒక్క తేడా నుంచే యంత్రం బలమంతా పుట్టింది. సగం ఖాళీగా ఉన్న గాడుల్లో ఒత్తిడి ఉండదు కాబట్టి బారెల్‌కు మధ్యలో రంధ్రం పెట్టి వ్యాక్యూమ్‌తో తేమను, ఆవిరులను లాగేయొచ్చు. మధ్యదారిలో సైడ్ ఫీడర్ పెట్టి గాజు నారను అక్కడే కలపొచ్చు. నైలాన్‌లో 30 శాతం గాజు నార కలిపే లైన్లలో అదే చేస్తారు. మొదట్లోనే, ఇంకా గట్టిగా ఉన్న దానాతో పాటు నారను వేస్తే అది నుజ్జునుజ్జవుతుంది, భాగానికి బలం రాదు. నైలాన్ పూర్తిగా కరిగాక, మెత్తటి ద్రవంలోకి వదిలితే కాస్త పొడవు మిగులుతుంది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. ఫీడర్ తడబడితే స్క్రూ దాన్ని సరిదిద్దదు. లోపల సరుకు ఉండేది కొన్ని పదుల సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలే. ఒకట్రెండు సెకన్ల హెచ్చుతగ్గులు లోపల సర్దుకుంటాయి, నిమిషం పాటు ఫీడర్ తక్కువ వేస్తే ఆ నిమిషం సరుకు తేడాగానే బయటికి వస్తుంది. ప్లాస్టిక్ బకెట్ రంగు కాస్త పలచబడితే కస్టమర్ తిట్టి వదిలేస్తాడు. మాత్రలో మందు తగ్గితే రోగికి అందాల్సిన డోసు అందదు. కొత్త లైన్ కొనేటప్పుడు స్క్రూ సైజు గురించి గంటలు గంటలు బేరమాడి, ఫీడర్ దగ్గర డబ్బు మిగుల్చుకోవడం నాకు తెలిసి అన్నిటికన్నా నష్టం తెచ్చే పొదుపు.

నీడింగ్ బ్లాక్‌ను దగ్గరగా చూస్తే

ట్విన్ స్క్రూ అంటే ఒకే లోహపు ముక్కలో చెక్కిన స్క్రూ అనుకోవద్దు. పళ్లున్న షాఫ్టు మీద రకరకాల ఎలిమెంట్లను ఒకదాని తర్వాత ఒకటి తొడుగుతారు. బారెల్ కూడా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. మామూలు దారం ఉన్న ఎలిమెంట్ సరుకును మోస్తుంది. ఎడమ దారం ఉన్నది వెనక్కి నెడుతుంది. అసలు పని జరిగేది మాత్రం నీడింగ్ బ్లాకుల్లో.

ఒక నీడింగ్ బ్లాక్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే ఐదు దళసరి బిళ్లలు వరసగా అతికించినట్టు ఉంటుంది. ఒక్కో బిళ్ల కోడిగుడ్డు నిలువుకోత ఆకారంలో, రెండు కొసలతో ఉంటుంది. పక్క బిళ్ల దానికి కొంత కోణంలో తిప్పి ఉంటుంది. 30 లేదా 45 డిగ్రీలైతే ఐదు బిళ్లల కొసలూ కలిసి మెట్లున్న దారంలా కనిపిస్తాయి, సరుకు కాస్త ముందుకు కూడా జరుగుతుంది. 90 డిగ్రీలైతే ముందుకు నెట్టే గుణం పూర్తిగా పోతుంది. వెనక నుంచి కొత్త సరుకు తోస్తే తప్ప లోపలున్నది కదలదు. అక్కడ గాడి నిండిపోతుంది, ఒత్తిడి పుడుతుంది, పదార్థం బిళ్ల కొసకూ బారెల్ గోడకూ మధ్య మళ్లీ మళ్లీ నలుగుతుంది. గట్టి దానా కరిగేది ప్రధానంగా ఇలాంటి చోటే.

బిళ్ల మందం కూడా ముఖ్యమే. మందపాటి బిళ్ల అయితే పదార్థానికి పక్కకు తప్పుకునే దారి తక్కువ, కొస మీదుగా సన్నటి సందులోంచి దూరాల్సిందే. గడ్డలు పగలాలంటే ఆ నలుగుడు కావాలి. నల్లటి హెచ్‌డీపీఈ నీళ్ల పైపులకు ఎండ తట్టుకోవడానికి 2 నుంచి 2.5 శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారు. అది పొడి రూపంలో గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటుంది. గుంపు పగలకపోతే పైపులో అదొక బలహీనమైన చుక్కగా మిగిలి, ఏళ్ల తర్వాత ఒత్తిడికి అక్కడి నుంచే చీలిక మొదలవ్వొచ్చు. సన్నటి బిళ్లలైతే పదార్థం వాటి మధ్య నుంచి అటూ ఇటూ చీలి, మళ్లీ కలుస్తూ పోతుంది. గడ్డలు పగలవు గానీ ఉన్నవి సమంగా పరుచుకుంటాయి. పగలగొట్టడం వేరు, పరవడం వేరు. ఫిల్మ్ మీద నల్లచుక్కలు కనిపించగానే స్క్రూ వేగం పెంచేసేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. చుక్క పగలని గడ్డా, సరిగా పరుచుకోని రంగా, లేక మాడిన ప్లాస్టికా అని ముందు మైక్రోస్కోపులో తేల్చుకోవాలి. ఎందుకంటే మూడింటికీ మందు వేరు, మూడోదానికైతే వేగం పెంచడమే విషం.

వేడి ఎక్కడి నుంచి వస్తోంది?

ప్లాస్టిక్‌లో రంగు, పొడులు కలిపే ఒక మామూలు కాంపౌండింగ్ లైన్ లెక్క వేద్దాం. మోటారు 37 కిలోవాట్లు, స్క్రూ గరిష్ఠ వేగం 600 ఆర్‌పీఎం. ప్రస్తుతం 400 ఆర్‌పీఎంలో, 75 శాతం టార్క్ మీద, అంటే తిప్పే బలంలో ముప్పావు వంతు మీద, నడుస్తోంది. గంటకు 100 కిలోల పాలీప్రొపిలీన్ వస్తోంది. 37ను 400/600తోనూ 0.75తోనూ గుణిస్తే 18.5 కిలోవాట్లు. దాన్ని 100 కిలోలకు పంచితే కిలోకు 0.185 యూనిట్, కరెంటు బిల్లులో కనిపించే అదే యూనిట్. గేర్‌బాక్సులో పోయే కొద్ది శాతాన్ని పక్కన పెడదాం.

ఇప్పుడు అవసరం ఎంతో చూద్దాం. గది వేడిమిలో ఉన్న కిలో పాలీప్రొపిలీన్‌ను కరిగించి 210 డిగ్రీల సెల్సియస్‌కు తేవడానికి సుమారు 550 కిలోజౌళ్లు కావాలి. అంటే 0.15 యూనిట్. మోటారు ఒక్కటే అవసరానికి మించి ఇచ్చేసింది! మిగిలిన శక్తిని బారెల్ లోపల తిరిగే నీళ్లు మోసుకుపోవాలి. మోసుకుపోకపోతే మెల్ట్, అంటే కరిగిన సరుకు, ఇంకో 40, 50 డిగ్రీలు పైకి పోగలదు. ప్యానెల్ మీద బారెల్ భాగాలు, అంటే జోన్లు, అన్నీ 200 చూపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే వేడి కొలిచే థర్మోకపుల్ కూర్చున్నది బారెల్ ఉక్కులో. అది చెప్పేది లోహం వేడి గురించి, లోపలి మెల్ట్ గురించి కాదు.

సరుకు పసుపెక్కుతోందంటే చాలా షాపుల్లో మొదట చేసే పని జోన్ టెంపరేచర్లు తగ్గించడం. పదార్థం అప్పుడు ఇంకా చిక్కబడుతుంది, స్క్రూ మరింత కష్టపడుతుంది, టార్క్ పెరిగి రాపిడి వేడి ఎక్కువవుతుంది. తగ్గించిన 20 డిగ్రీల్లో చాలా భాగం అలా వెనక్కి వచ్చేస్తుంది. చేయాల్సింది వేరు. ఆర్‌పీఎం తగ్గించాలి, లేదా అదే ఆర్‌పీఎంలో ఫీడ్ పెంచి కిలోకు పడే శక్తిని తగ్గించాలి. అప్పటికీ లొంగకపోతే స్క్రూ బయటికి తీసి ఒక నీడింగ్ బ్లాక్ తగ్గించాలి. చివరిది ఒక పూట పని, అందుకే ఎవరికీ ఇష్టం ఉండదు. చాలాసార్లు అసలు పరిష్కారం మాత్రం అక్కడే ఉంటుంది.

ఒక మందు దారి తప్పిన ఏడాది

ఇక మందుల సంగతి. రిటోనావిర్‌ను అబాట్ కంపెనీ నార్విర్ పేరుతో 1996లో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. క్యాప్సూల్లో మందు ద్రావణ రూపంలో ఉండేది. 1998లో ఉన్నట్టుండి క్యాప్సూళ్లు కరుగుదల పరీక్షలో ఫెయిల్ కావడం మొదలైంది. వెతికితే, అప్పటిదాకా ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం బయటపడింది. అణువు అదే, పేర్చుకున్న తీరు వేరు. ఈ రెండో రూపం మరింత స్థిరమైనది, కాబట్టి కరగడం చాలా తక్కువ. క్యాప్సూల్‌లోని ద్రావణంలోంచి అది స్ఫటికాలై కింద పడిపోతోంది. కొత్త స్ఫటికం ఆనవాళ్లు చేరిన చోట పాత రూపాన్ని తయారు చేయడమే కష్టమైపోయింది. ప్రాణాలు నిలబెట్టే మందు క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. కొన్నాళ్లు రోగులు చేదు ద్రవ రూపంతో నెట్టుకొచ్చారు, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాల్సిన సాఫ్ట్‌జెల్ క్యాప్సూల్ వచ్చింది.

కొత్త మందుల అణువుల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. నీళ్లలో కరగవు. స్ఫటికంలో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు విడిపించడానికి పేగుల్లోని నీటికి శక్తి చాలదు. మింగిన మందు రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. ఆ పట్టును ముందే ఫ్యాక్టరీలో విడిపించి, విడిపోయిన అణువులు మళ్లీ కలవకుండా పాలిమర్‌లో బంధించేస్తే? లోపినావిర్, రిటోనావిర్ మందులకు చేసింది అదే. జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో నోల్ కంపెనీ మెల్ట్రెక్స్ అనే పద్ధతిని అభివృద్ధి చేసింది, 2001లో నోల్‌ను అబాట్ కొనుక్కుంది. కోపోవిడోన్ అనే నీళ్లలో కరిగే పాలిమర్‌తో మందును కలిపి ట్విన్ స్క్రూలో నడిపితే, బయటికి గాజులా పారదర్శకమైన ముద్ద వస్తుంది. దాన్ని చల్లార్చి, పొడి చేసి, మాత్రగా కొడతారు. అందులో మందు వాటా నాలుగో వంతు కన్నా తక్కువ, మిగతాదంతా దాన్ని పట్టి ఉంచే సరంజామా.

2005లో అమెరికాలో ఈ జంట మందు మాత్రలకు కలేట్రా పేరుతో అనుమతి వచ్చింది. అంతకుముందు రోజుకు 6 క్యాప్సూళ్లు, అవీ ఫ్రిజ్‌లో పెట్టాలి, తిన్నాకే వేసుకోవాలి. మాత్రలొచ్చాక రోజుకు 4, ఫ్రిజ్ అక్కర్లేదు. కరెంటే లేని ఆఫ్రికా పల్లెల్లో హెచ్‌ఐవీ వైద్యానికి ఈ తేడా ఎంతటిదో చెప్పక్కర్లేదు. ఆ తర్వాత హెటెరో, అరబిందో లాంటి మన హైదరాబాద్ కంపెనీలు ఈ జంట మందుకు జెనరిక్ మాత్రలు తయారు చేసి పేద దేశాలకు పంపాయి. ఈ యంత్రం మీద నాకున్న గౌరవంలో పెద్ద వాటా ఈ ఒక్క కథదే. 2010లో రిటోనావిర్ మాత్ర, 2013లో ఫంగస్‌పై వాడే పోసకోనజోల్ మాత్ర, 2016లో రక్త క్యాన్సర్ మందు వెనెటోక్లాక్స్ ఇదే దారిలో వచ్చాయి.

ఇక్కడ నీడింగ్ బ్లాక్ సంగతి మళ్లీ ముందుకొస్తుంది. మందును దాని ద్రవీభవన స్థానం దాకా తీసుకెళ్లాల్సిన పని అన్నిసార్లూ ఉండదు. పాలిమర్ మెత్తబడితే మందు అందులో కరిగిపోతుంది, అంతకన్నా తక్కువ వేడిలోనే. కానీ కరగడానికి సమయమూ నలుగుడూ కావాలి. పిసుకుడు తక్కువైతే ఎక్కడో కొన్ని స్ఫటికపు రవ్వలు మిగిలిపోతాయి. అవి విత్తనాల్లా పనిచేసి, గోడౌన్‌లో నెలల తర్వాత చుట్టూ ఉన్న మందును మళ్లీ స్ఫటికంగా మార్చేస్తాయి. పిసుకుడు ఎక్కువైతే మందు విరిగి మలినాలు పెరుగుతాయి. ఈ రెండు గట్ల మధ్య ఉన్న సన్నటి దారిని వెతకడమే హాట్ మెల్ట్ ఎక్స్‌ట్రూషన్ చేసేవాళ్ల అసలు ఉద్యోగం. తేమ మూడో శత్రువు. కోపోవిడోన్ సుమారు 105 డిగ్రీల దాకా గాజులా గట్టిగా ఉంటుంది గానీ నీటిని పీల్చుకుంటే ఆ హద్దు కిందికి దిగుతుంది, లోపలి అణువులకు కదిలే వీలు దొరుకుతుంది. అందుకే ప్యాకింగ్ విషయంలో అంత పట్టుదల.

అన్ని మందులకూ ఈ దారి సరిపడదు. వేడికి తట్టుకోలేనివి, మరీ ఎక్కువ డిగ్రీల దగ్గర కరిగేవి స్ప్రే డ్రైయింగ్‌కు, అంటే ద్రావకంలో కరిగించి తుంపరగా చల్లి ఆరబెట్టే పద్ధతికి, వెళ్తాయి. అక్కడ అసిటోన్, మెథనాల్ లాంటి ద్రావకాలు కావాలి, వాటిని ఆవిరి చేసి మళ్లీ పట్టుకోవాలి, మాత్రలో ఆనవాలు మిగలకుండా చూసుకోవాలి. మందు వేడిని ఓర్చుకోగలదంటే నా ఓటు ఎక్స్‌ట్రూడర్‌కే.

యంత్రం ఒకటే అయినా నడిపే పద్ధతి మారుతుంది. ప్లాస్టిక్‌లో ఒక రంగు నుంచి మరో రంగుకు మారేటప్పుడు లోపలిని శుభ్రం చేసే పర్జింగ్ సరుకు కొంత తోసేసి ముందుకు పోతారు. మందుల దగ్గర స్క్రూలు బయటికి తీసి, ఎలిమెంట్లు విప్పి, కడిగి, పాత మందు జాడ లేదని పరీక్ష చేసి రుజువు రాయాలి. బయటికొచ్చే స్ట్రాండ్లను, అంటే తీగల్ని, నీళ్ల తొట్టిలో చల్లార్చడం కుదరదు, నీళ్లలో కరిగే పాలిమర్ కదా. చల్లటి రోలర్ల మీదో, బెల్టు మీదో చల్లారుస్తారు.

ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీకి వెళ్లే మెట్టు దగ్గర చాలామంది జారిపడతారు. 18 మిల్లీమీటర్ల స్క్రూ ఉన్న యంత్రంలో గంటకు 5 కిలోలు బాగా వచ్చిందనుకుందాం. 50 మిల్లీమీటర్ల యంత్రంలో లోపలి ఖాళీ స్థలం వ్యాసపు ఘనంతో పెరుగుతుంది, సుమారు 21 రెట్లు. అంటే గంటకు 107 కిలోలు నడపొచ్చు. బారెల్ గోడ వైశాల్యం మాత్రం వ్యాసం వర్గంతోనే పెరుగుతుంది, 7.7 రెట్లు. కిలో సరుకుకు దక్కే గోడ దాదాపు మూడో వంతుకు పడిపోయింది. చిన్న యంత్రంలో బారెల్ వేడి మాట చెల్లుబాటవుతుంది, పెద్దదాంట్లో స్క్రూ మాటే చెల్లుతుంది. ల్యాబ్‌లో బాగా పనిచేసిన జోన్ టెంపరేచర్లను అలాగే ఎక్కించి అదే ఫలితం ఆశించడం కుదరదు. వెంట తీసుకెళ్లాల్సినవి వేరే ఉన్నాయి: కిలోకు ఎంత శక్తి పడింది, సరుకు లోపల ఎంతసేపు ఉంది, సరుకు బయటికొచ్చే డై దగ్గర ప్రోబ్ గుచ్చి చూస్తే మెల్ట్ అసలు వేడి ఎంత. ల్యాబ్ ట్రయల్ రిపోర్టులో ఈ మూడు అంకెలు లేకపోతే పెద్ద యంత్రం దగ్గర పని మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, అదీ గంటకు వంద కిలోల ఖరీదైన మందును తగలేస్తూ.